కడుపు మెలిపడితే కాలయాపన వద్దు

గ్యాసు అనుకుని ఊరుకుంటే ప్రాణానికే ముప్పు - వేళకు ఆస్పత్రికి చేరితే నయమయ్యే జబ్బే

కీసర: పల్లెల్లో కడుపునొప్పికి ఉన్నన్ని పేర్లు మరే జబ్బుకూ లేవు. వాతం అంటారు, అజీర్తి అంటారు, బొడ్డు జారిందంటారు, దిష్టి తగిలిందంటారు. ఈ మధ్య వీటన్నిటికీ కలిపి ఒకే పేరు స్థిరపడిపోయింది. అదే గ్యాసు. చాలాసార్లు ఆ నొప్పి వచ్చిన దారినే పోతుంది గనుక ఏ పేరు పెట్టుకున్నా నష్టం లేదు. కానీ అరుదుగానైనా ఆ గ్యాసు మాటున ప్రాణం తీసే జబ్బు ఒకటి దాగి ఉంటుంది. అదే కడుపు మెలిపడటం.

జీర్ణకోశం గాని, పేగు గాని తన చుట్టూ తాను తిరిగి మెలిక పడితే లోపలి దారి మూసుకుపోతుంది. తిన్నది కిందికి పోదు, పైకి రాదు. అంతటితో ఆగితే కొంత నయం. మెలిక బిగిసే కొద్దీ ఆ భాగానికి రక్తం తెచ్చే నాళాలు కూడా నలిగిపోతాయి. రక్తం అందని కండ నల్లబడి కుళ్లుతుంది. చిల్లు పడితే లోపలి మలినమంతా కడుపులోకి చిమ్ముతుంది. ఇదంతా జరగడానికి వారాలు, నెలలు అక్కరలేదు. కొన్ని గంటలు చాలు.

అందుకే ఈ జబ్బులో మందుకన్నా ముఖ్యమైంది వేళ. నొప్పి మొదలైన రాత్రే ఆస్పత్రికి చేరినవాడు బతికి బట్టకడతాడు. రెండు రోజులు వాము నమిలి, సోడా తాగి, మూడోనాడు బయలుదేరినవాడి సంగతి చెప్పడం కష్టం. కీసర, కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాల్లోని ప్రతి ఇంటివారూ తెలుసుకోదగిన సంగతులు కొన్ని ఇక్కడ ఇస్తున్నాం.

ఉయ్యాల మెలిక

దూలానికి చీర కట్టి పిల్లవాడిని ఊపే ఉయ్యాల అందరికీ తెలిసిందే. చీర రెండు కొసలూ దూరం దూరంగా కడితే ఉయ్యాల తిరగదు. రెండు కొసలూ ఒకేచోట దగ్గరగా కట్టి, చీర పొడుగ్గా వదిలితే చిన్న ఊపుకే గిర్రున తిరిగి మెలిక పడుతుంది. లోపల పిల్లవాడు బరువుగా ఉంటే మరీ తొందరగా తిరుగుతుంది. మన కడుపులో జరిగేదీ అచ్చంగా ఇదే.

జీర్ణకోశం తోలుతిత్తి వంటి సంచి. పై కొసన అన్నవాహిక, కింది కొసన చిన్నపేగు మొదలు దానికి రెండు కట్లు. ఇవిగాక కాలేయానికి, ప్లీహానికి, పెద్దపేగుకు, ఛాతీకి కడుపుకి మధ్య అడ్డుగా ఉండే విభాజక పటలానికి ఈ సంచిని పట్టి ఉంచే పొరలు నాలుగు ఉన్నాయి. ఈ పొరలు బిగువుగా ఉన్నంత కాలం సంచి ఎంత నిండినా తన చోట తాను ఉంటుంది. పొరలు సడలినా, పక్కనున్న భాగాలు చోటు తప్పినా సంచి తిరగడానికి వీలు చిక్కుతుంది. సగం చుట్టు, అంటే 180 డిగ్రీలు దాటి తిరిగితే దారి పూర్తిగా మూసుకుపోతుంది. అంతకు తక్కువ తిరిగితే కొంత దారి ఉంటుంది. అప్పుడు నొప్పి వస్తూ పోతూ ఏళ్ల తరబడి వేధిస్తుంది.

జీర్ణకోశం తిరిగే తీరు రెండు రకాలు. సంచి కింది అంచు పైకి, పై అంచు కిందికి వచ్చేట్టు పొడుగు వారగా దొర్లడం మొదటి రకం. ఎక్కువ మందిలో కనిపించేది ఇదే. చాప ఒక కొస పట్టుకుని రెండో కొస మీదికి మడిచినట్టు కింది కొస పైకి వచ్చి మడత పడటం రెండోది. మొదటి రకంలో రక్తం ఆగిపోయే ప్రమాదం హెచ్చు.

ఎందుకు మెలిపడుతుంది?

పెద్దవాళ్లలో, అందులోనూ 50 ఏళ్లు దాటిన వారిలో ఈ జబ్బుకు ముఖ్య కారణం విభాజక పటలంలో ఏర్పడే సందు. అన్నవాహిక ఛాతీలోంచి కడుపులోకి దిగే చోట ఒక రంధ్రం ఉంటుంది. వయసు మీద పడిన కొద్దీ ఆ రంధ్రం వదులై వెడల్పవుతుంది. జీర్ణకోశంలో కొంత భాగం ఆ సందులోంచి ఛాతీలోకి జారుతుంది. అలా జారే క్రమంలోనే అది తిరగబడుతుంది. కొందరిలో పటలం పుట్టుకతోనే పలచగా ఉండి పైకి ఉబ్బి ఉంటుంది. దాని కింద ఏర్పడిన ఖాళీలోకి జీర్ణకోశం ఎగబాకుతుంది.

దెబ్బలు తగలడం మరో కారణం. ట్రాక్టరు తిరగబడినప్పుడు, తాటిచెట్టు మీదినుంచి పడినప్పుడు, రోడ్డు ప్రమాదంలో ఛాతీకి, కడుపుకు గట్టి దెబ్బ తగిలినప్పుడు విభాజక పటలం చీలవచ్చు. పైకి గాయం కనబడదు. మనిషి కోలుకుని పనిలోకి వెళతాడు. నెలలకో, ఏళ్లకో ఆ చీలికలోంచి జీర్ణకోశం పైకి జారి మెలిక పడుతుంది. హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారిని ఆనుకుని ఉన్న మన ఊళ్లవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. కడుపునొప్పితో డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు "ఎప్పుడో ఫలానా ప్రమాదం జరిగింది" అని తప్పక చెప్పాలి. ఆ ఒక్క మాటతో డాక్టరుకు దారి దొరకవచ్చు.

ఏ కారణమూ కనిపించకుండా, కేవలం పొరలు సడలడం వల్ల మెలిక పడినవారూ ఉన్నారు. కడుపులో గడ్డలు, పుండు మానినచోట ఏర్పడే ముడతలు, అంతకుముందు జరిగిన ఆపరేషన్ల తాలూకు అతుకులు కూడా కారణం కావచ్చు. అయితే తేన్పులు వచ్చినంత మాత్రాన, పచ్చిమిరపకాయ బజ్జీలు తిన్నంత మాత్రాన జీర్ణకోశం మెలిపడదు. బరువు ఎత్తినందువల్ల బొడ్డు జారిందనే మాట ఊళ్లలో ఉంది గాని, వైద్యశాస్త్రంలో బొడ్డు జారడమనే జబ్బే లేదు.

మూడు గుర్తులు

1866లో బెర్టి అనే ఇటలీ వైద్యుడు చనిపోయిన ఒక స్త్రీ శరీరాన్ని కోసి పరీక్షించినప్పుడు జీర్ణకోశం మెలిక పడి ఉండటం గమనించి రాశాడు. ఈ జబ్బు గురించి వైద్య గ్రంథాలు చెప్పే మొదటి కథనం అదే. 1890లలో బెర్గ్ అనే శస్త్రవైద్యుడు ఆపరేషన్ చేసి మెలిక విప్పి రోగిని బతికించాడు. 1904లో బోర్చార్ట్ అనే జర్మనీ వైద్యుడు ఈ జబ్బును పోల్చుకునే మూడు గుర్తులు చెప్పాడు. వందేళ్లు దాటినా వైద్య విద్యార్థులు నేటికీ వాటినే వల్లె వేస్తున్నారు.

మొదటిది, పై కడుపులో, అంటే రొమ్ము ఎముక కింద, ఉన్నట్టుండి మొదలయ్యే తీవ్రమైన నొప్పి. రెండోది, వాంతి వస్తున్నట్టు డోకులు వస్తాయి గాని బయటికి ఏమీ రాదు. వచ్చినా కొంచెం లాలాజలం తప్ప తిన్నది రాదు. మూడోది ఆస్పత్రిలో తేలేది. ముక్కులోంచి సన్నని గొట్టం జీర్ణకోశంలోకి పంపబోతే అది లోపలికి దిగదు.

మొదటి రెండు గుర్తులూ ఇంట్లోవారు కనిపెట్టదగినవే. విపరీతంగా డోకులు వస్తున్నా వాంతి కాకపోవడం మామూలు అజీర్తిలో ఉండదు. దానితోపాటు పై కడుపు ఉబ్బి బిగుసుకోవడం, చెమటలు పట్టడం, నాడి వేగంగా కొట్టుకోవడం, కళ్లు తిరగడం ఉంటే ఇక ఆలోచించే పని లేదు. బండి ఎక్కించవలసిందే.

కొందరిలో నొప్పి ఛాతీలోకి, భుజానికి పాకుతుంది. ఆయాసం వస్తుంది. అది చూసి గుండెపోటు అనుకుంటారు. దీనికి తిరకాసు కూడా ఉంది. నిజంగా గుండెపోటు వచ్చినవారిని గ్యాసు అనుకుని ఇంట్లో పడుకోబెట్టి పోగొట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి. రెండింటిలో ఏదైనా సరే, చేయవలసిన పని మాత్రం ఒకటే. ఆస్పత్రికి వెళ్లి గుండె పరీక్ష చేయించుకోవాలి. అది కాదని తేలితే కడుపు సంగతి చూస్తారు.

నెమ్మదిగా వచ్చే రకంలో ఇంత హడావుడి ఉండదు. నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండినట్టుంటుంది. తిన్న తరువాత ఛాతీలో బరువు, తేన్పులు, ఆయాసం. పడుకుంటే ఎక్కువ, లేచి కూర్చుంటే తక్కువ. రక్తహీనత కూడా కనిపించవచ్చు. ఇలాంటివారు ఏళ్ల తరబడి గ్యాసు బిళ్లలు మింగుతూ గడిపేస్తుంటారు. ఒక్కసారి ఛాతీ ఎక్స్‌రే తీయించినా, ఎండోస్కోపీ చేయించినా సంగతి బయటపడవచ్చు.

పేగు మెలిపడితే...

మన పల్లెల్లో జీర్ణకోశం కన్నా ఎక్కువగా మెలిపడేది పేగు. ముఖ్యంగా పెద్దపేగు చివరన, ఎడమవైపు పొత్తికడుపులో ఉండే వంపు. కొందరిలో ఈ వంపు చాలా పొడుగ్గా ఉంటుంది. దాని రెండు కొసలూ దగ్గర దగ్గరగా అతుక్కుని ఉంటాయి. ముందు చెప్పిన ఉయ్యాల మాదిరే. దానికి తోడు మలబద్ధకం ఉంటే పేగులో బరువు పేరుకుంటుంది. బరువెక్కిన వంపు తిరగబడుతుంది.

ఈ జబ్బు ప్రపంచమంతటా ఒకే తీరున లేదు. ఆఫ్రికా, మధ్యప్రాచ్యం, మన దేశం వంటి చోట్ల ఎక్కువగా కనిపిస్తుంది. పీచు హెచ్చుగా ఉండే ముతక తిండి తినేవారిలో పెద్దపేగు పొడుగ్గా, వదులుగా ఉండటం దీనికి కారణమని వైద్యులు భావిస్తున్నారు. అంతమాత్రాన జొన్నరొట్టె మానేయమని కాదు. మలబద్ధకాన్ని ముదరనివ్వవద్దని మాత్రమే దీని అర్థం. వయసు మళ్లిన మగవారిలో, మంచం పట్టినవారిలో, పక్షవాతం, వణుకుడు వ్యాధి ఉన్నవారిలో, మానసిక వ్యాధులకు దీర్ఘకాలం మందులు వాడేవారిలో ఇది హెచ్చు. నిండు నెలల గర్భిణుల్లో కూడా అరుదుగా కనిపిస్తుంది. వారిలో దీన్ని ప్రసవపు నొప్పిగా పొరబడే ప్రమాదం ఉంది.

దీని గుర్తులు వేరు. కడుపు ఢోలులా ఉబ్బుతుంది. వేలితో తడితే డబడబ మోగుతుంది. విరేచనం ఆగిపోతుంది. అంతకన్నా ముఖ్యం, అపానవాయువు కూడా పోదు. నొప్పి అలలు అలలుగా వస్తుంది. వాంతులు ఆలస్యంగా మొదలవుతాయి. "రెండు రోజులనుంచి గాలి కూడా పోవడం లేదయ్యా" అని ఇంట్లో పెద్దాయన అన్నాడంటే దాన్ని సిగ్గుపడి దాచే మాటగా తీసుకోకూడదు. డాక్టరుకు అన్నిటికన్నా ముందు చెప్పవలసిన మాట అదే.

అంతకుముందు కడుపు ఆపరేషన్ జరిగినవారిలో చిన్నపేగు మెలిపడవచ్చు. ఆపరేషన్ తరువాత లోపల దారాల్లాంటి అతుకులు ఏర్పడతాయి. పేగు వాటి చుట్టూ చుట్టుకుంటుంది. చిన్నపేగు మెలిక మరీ తొందరపెడుతుంది. రక్తం ఆగిందంటే ఆరేడు గంటల్లోనే పేగు నల్లబడవచ్చు.

పసిబిడ్డకు పచ్చ వాంతి

తల్లులు గుర్తుంచుకోవలసిన సంగతి ఇది. పసిబిడ్డ పాలు కక్కడం సహజం. తెల్లగా, విరిగిన పాలలా కక్కితే భయం లేదు. కానీ ఆకుపచ్చని వాంతి అయితే మాత్రం ఒక్క పూట కూడా ఆగకూడదు. ఆ పచ్చదనం పిత్తరసానిది. పేగులో ఎక్కడో దారి మూసుకుపోయిందనడానికి అది గుర్తు.

బిడ్డ తల్లి కడుపులో పెరిగేటప్పుడు పేగులు ఒక క్రమంలో తిరిగి, తమ చోట్లలో కుదురుకుంటాయి. కొందరు బిడ్డల్లో ఈ క్రమం తప్పుతుంది. పేగుల మొదలు వెడల్పుగా అతుక్కోవలసింది సన్నని కాడలా మిగిలిపోతుంది. పుట్టిన నెలలోపే ఆ కాడ చుట్టూ చిన్నపేగు మొత్తం తిరగబడే ప్రమాదం ఉంది. అమెరికాకు చెందిన లాడ్ అనే పిల్లల శస్త్రవైద్యుడు 1936లో దీనికి ఆపరేషన్ పద్ధతి చెప్పాడు. ఇప్పటికీ అదే పద్ధతిలో బిడ్డలను బతికిస్తున్నారు. పిల్లలలో జీర్ణకోశం కూడా మెలిపడవచ్చు. విభాజక పటలంలో పుట్టుకతో సందు ఉన్న బిడ్డల్లో ఇది కనిపిస్తుంది.

కడుపు ఉబ్బిన పసిబిడ్డకు బొడ్డు చుట్టూ వాతలు పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఇంకా పోలేదు. వాత వల్ల లోపలి మెలిక విప్పుకోదు. పైన కాలిన పుండు, లోపల కుళ్లుతున్న పేగు, రెండూ కలిసి బిడ్డను బలి తీసుకుంటాయి.

గేదె సంగతి వేరు, మనిషి సంగతి వేరు

మెలిక అనేది మన రైతులకు కొత్త మాట కాదు. చూడి గేదె ఈనే వేళకు గర్భసంచి మెలిపడటం పాడి ఉన్న ప్రతి ఊళ్లోనూ ఎరిగిన సంగతే. పశువైద్యుడు వచ్చి గేదెను పడుకోబెట్టి, పొట్టమీద పలక అదిమి, మెలిక పడినవైపు దొర్లిస్తాడు. చాలాసార్లు మెలిక విప్పుకుని దూడ బయటపడుతుంది.

ఇది చూసిన కళ్లతో కొందరు మనుషులకు కూడా అదే వైద్యం చేయబోతుంటారు. కడుపు తోమడం, నూనె రాసి గట్టిగా పిసకడం, తలకిందులుగా ఎత్తి కుదపడం, బొడ్డుమీద చెంబు బోర్లించడం వంటివి చేస్తారు. గేదెలో తిరిగేది దూడ ఉన్న గర్భసంచి. దాన్ని ఏ వైపు తిప్పాలో పశువైద్యుడు చెయ్యి పెట్టి చూసి నిర్ణయిస్తాడు. మనిషి కడుపులో ఏది, ఏ వైపు, ఎంత తిరిగిందో పైనుంచి ఎవరూ చెప్పలేరు. గాలి నిండి, రక్తం ఆగి, పలచబడి ఉన్న పేగును గట్టిగా పిసికితే పగిలిపోవచ్చు.

ఇంట్లో చేయకూడనివి

ఆముదం గాని, మరే విరేచన మందు గాని పట్టకూడదు. దారి మూసుకుపోయిన పేగును విరేచన మందు మరింత బలంగా నెట్టుతుంది. మెలిక బిగుస్తుంది.

తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకూడదు. సోడా, మజ్జిగ, కాఫీ, నిమ్మరసం ఏవీ వద్దు. మంచినీళ్లు కూడా డాక్టరు చూసే వరకు ఆపాలి. మరీ నాలుక ఎండితే పెదవులు తడిపితే చాలు. ఆపరేషన్ అవసరమైతే మత్తు ఇచ్చేటప్పుడు కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

నొప్పి ఇంజెక్షన్ వేయించుకుని, తగ్గింది కదా అని ఇంట్లో ఉండిపోకూడదు. ఇంజెక్షన్ నొప్పిని తగ్గిస్తుందేగాని మెలికను విప్పదు. మెలిక పడిన భాగం కుళ్లినప్పుడు కూడా ఒక్కోసారి నొప్పి కొంతసేపు తగ్గినట్టు అనిపిస్తుంది. అది నయమైన గుర్తు కాదు. ఊళ్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీలు కూడా రెండో ఇంజెక్షన్‌కు బదులు రోగిని పంపించడమే మంచిపని. "ఏం కాదులే బాబాయ్, గ్యాసే" అన్న ఒక్క మాట ఎంత ఖరీదు చేస్తుందో వారికి తెలియనిది కాదు.

మరో సంగతి. పత్తి, మిర్చి చేలల్లో పురుగుమందు కొట్టి వచ్చిన రోజున కడుపునొప్పి, వాంతులు వస్తే ఆ విషయం ఆస్పత్రిలో చెప్పాలి. మందు విషప్రభావం వల్ల కూడా అవే లక్షణాలు వస్తాయి. దాని చికిత్స పూర్తిగా వేరు.

ఆస్పత్రికి దారి

2005 ఆగస్టులో మొదలైన 108 అంబులెన్సు పల్లెవారికి పెద్ద అండ. ఫోను చేసి ఊరు, వీధి, దగ్గరి గుర్తు చెబితే చాలు. సొంత బండి ఉంటే దాని మీదే బయలుదేరవచ్చుగాని, రోగిని మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకుపోవడం మంచిది కాదు.

నందిగామ, జగ్గయ్యపేట ప్రభుత్వ ఆస్పత్రుల్లో తొలి చికిత్స చేయించుకోవచ్చు. సెలైన్ ఎక్కించి, ముక్కులో గొట్టం వేసి, ఎక్స్‌రే తీసి చూస్తారు. మెలిక అనుమానం ఉంటే పెద్దాస్పత్రికి పంపుతారు. విజయవాడలో 1980లో ఏర్పడిన సిద్ధార్థ వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో శస్త్రచికిత్స విభాగం ఉంది. "విజయవాడ తీసుకెళ్లండి" అని డాక్టరు చెప్పినప్పుడు, తెల్లవారాక చూద్దామని ఇంటికి తిరిగి రావడం చాలామంది చేసే పొరబాటు.

వర్షాకాలంలో ఇంకో చిక్కు ఉంది. 2023 జులైలో మున్నేరు పొంగి కీసర, ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికి నీళ్లు వచ్చి రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లో వచ్చిన వరదల్లోనూ ఆ దారి మూసుకుపోయింది. అటువంటి రోజుల్లో ఏటికి ఏ వైపున ఉన్నవారు ఆ వైపు ఆస్పత్రికి వెళ్లడమే తెలివైన పని. మున్నేరుకు తూర్పున ఉన్నవారు కంచికచర్ల మీదుగా విజయవాడకు, పడమట ఉన్నవారు ముందు నందిగామకు చేరాలి. వాన ముసురు పట్టిన రోజున కడుపునొప్పి వస్తే, నీళ్లు పెరగకముందే కదలాలి. ఏరు పొంగాక ఎదురుచూసి లాభం లేదు.

వెళ్లేటప్పుడు రేషన్ కార్డు, ఆధార్ కార్డు, వాడుతున్న మందుల చీటీలు, పాత ఆపరేషన్ కాగితాలు వెంట ఉంచుకోవాలి. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన ప్రభుత్వ పథకం పేరు మారినా నేటికీ ఉంది. అందులో చేరిన ఆస్పత్రుల్లో పేదలకు ఎన్నో ఆపరేషన్లు ఉచితంగా జరుగుతున్నాయి. డబ్బు సమకూరాక వెళదామని ఆగకుండా, ముందు వెళ్లి అక్కడి సహాయ కేంద్రంలో విచారించాలి.

చికిత్స ఎలా ఉంటుంది?

ఆస్పత్రిలో ముందుగా రోగికి బలం ఎక్కిస్తారు. నరంలోకి ద్రవాలు, సూక్ష్మక్రిములను చంపే మందులు ఇస్తారు. ముక్కు గొట్టం దిగితే లోపలి గాలి, నీరు బయటికి లాగేస్తారు. ఆ ఒత్తిడి తగ్గితే కొందరిలో మెలిక కొంతవరకు వదులవుతుంది. గొట్టం దిగకపోతే బలవంతం చేయరు.

ఎక్స్‌రేలో ఛాతీలో జీర్ణకోశం గాలి బుడగ కనిపించడం ఒక ఆధారం. పెద్దపేగు వంపు మెలిపడితే అదే ఎక్స్‌రేలో పెద్ద కాఫీ గింజ ఆకారం కనబడుతుంది. సంగతి స్పష్టంగా తేలడానికి సీటీ స్కాన్ తీస్తారు. రక్తం అందుతున్నదీ లేనిదీ కూడా అందులో తెలుస్తుంది.

జీర్ణకోశం మెలికకు అసలు చికిత్స ఆపరేషనే. మెలిక విప్పి, సంచిని కడుపు గోడకు కుట్టి కదలకుండా చేస్తారు. విభాజక పటలంలో సందు ఉంటే దాన్ని మూసేస్తారు. కుళ్లిన భాగం ఉంటే కోసి తీసేస్తారు. ఇప్పుడు చాలా చోట్ల పెద్ద కోత లేకుండా చిన్న రంధ్రాల ద్వారానే ఈ ఆపరేషన్ చేస్తున్నారు. వయసు మళ్లి, గుండె, ఊపిరితిత్తులు బలహీనంగా ఉండి ఆపరేషన్‌కు తట్టుకోలేనివారికి నోటిద్వారా ఎండోస్కోపీ గొట్టం పంపి మెలిక విప్పే ప్రయత్నం చేస్తారు. రక్తం ఆగి కండ చెడిపోయిన వారికి మాత్రం ఇది పనికిరాదు.

పెద్దపేగు వంపు మెలిపడినప్పుడు, పేగు ఇంకా చెడకపోతే, మలద్వారం గుండా గొట్టం పంపి గాలి తీసేస్తారు. గాలి భుస్సున బయటికి వచ్చి కడుపు నిమిషాల్లో దిగిపోతుంది. రోగి లేచి కూర్చుంటాడు. ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. నయమైపోయిందని ఇంటికి వెళ్లిపోతారు. కానీ ఉయ్యాల అలాగే ఉంది కదా! చాలామందికి కొన్నాళ్లకు మళ్లీ మెలిపడుతుంది. అందుకే కొద్ది రోజుల్లోనే, మనిషి నిలకడగా ఉన్నప్పుడే, ఆ పొడుగైన వంపును తీసివేసే ఆపరేషన్ చేయించుకోమని డాక్టర్లు చెబుతారు. ఆ మాట వినాలి. పేగు కుళ్లాక చేసే ఆపరేషన్ కన్నా, బాగున్నప్పుడు చేసే ఆపరేషన్ ఎన్నో రెట్లు క్షేమం.

జీర్ణకోశం ఉన్నట్టుండి మెలిపడిన కేసుల్లో పాత రోజుల్లో నూటికి 30 నుంచి 50 మంది వరకు చనిపోయేవారని వైద్య గ్రంథాలు చెబుతున్నాయి. స్కాన్లు, మంచి మత్తుమందులు, మెరుగైన శస్త్రచికిత్స వచ్చాక మరణాలు బాగా తగ్గాయి. కానీ ఆలస్యంగా వచ్చినవారి విషయంలో ఇప్పటికీ వైద్యులు భరోసా ఇవ్వలేకపోతున్నారు.

అడిగే ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: కడుపునొప్పి వచ్చిన ప్రతిసారీ ఆస్పత్రికి పరుగెత్తాలా?

జవాబు: అక్కరలేదు. మెలిక అరుదైన జబ్బే. నొప్పి ఉన్నట్టుండి మొదలై గంట రెండు గంటల్లో తగ్గకుండా పెరుగుతున్నా, వాంతి రాని డోకులున్నా, కడుపు ఉబ్బి గాలి పోకున్నా, చెమటలు పట్టి నీరసించినా, ఆకుపచ్చని వాంతి అయినా వెళ్లాలి. వాంతిలో, విరేచనంలో రక్తం పడినా ఆగకూడదు.

ప్రశ్న: ఆపరేషన్ చేయించుకున్నవాడు మళ్లీ సేద్యం చేయగలడా?

జవాబు: చేయగలడు. కుట్లు గట్టిపడే వరకు వడ్ల బస్తాలు, పత్తి బోరాలు ఎత్తకూడదు. ఎన్నాళ్లన్నది డాక్టరు చెబుతారు. ఒకేసారి పళ్లెం నిండా తినకుండా, కొద్ది కొద్దిగా ఎక్కువసార్లు తినాలి. తినగానే పడుకోకూడదు.

ప్రశ్న: మెలిక రాకుండా ముందే ఏమైనా జాగ్రత్త పడవచ్చా?

జవాబు: జీర్ణకోశం మెలికను మందులతో ఆపలేం. విభాజక పటలంలో పెద్ద సందు ఉందని తేలితే, ముందుగానే సరిచేయించుకోవాలా అన్నది డాక్టరును అడగాలి. పేగు విషయంలో మాత్రం మలబద్ధకం ముదరకుండా చూసుకోవడం మన చేతిలోనే ఉంది. నీళ్లు బాగా తాగాలి. మంచం పట్టిన ముసలివారికి రోజూ విరేచనం అవుతున్నదీ లేనిదీ ఇంట్లో ఒకరు కనిపెట్టి ఉండాలి.

ప్రశ్న: ఇది ఒకరినుంచి మరొకరికి సోకుతుందా? వంశంలో వస్తుందా?

జవాబు: సోకే జబ్బు కాదు. ఒకరికి వచ్చినంత మాత్రాన ఇంట్లో మిగతావారికి వస్తుందని భయపడనక్కరలేదు.

ఇంటి పెద్దలకు ఒక మాట

పత్తితీత, మిర్చి కోతల రోజుల్లో కూలి పోతుందని నొప్పిని పళ్ల బిగువున పట్టి చేలో ఉండే ఆడవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పిల్లలను కంగారుపెట్టడం ఎందుకని రాత్రంతా మూలుగుతూ తెల్లవారే వరకు నోరు మెదపని ముసలివారూ ఉన్నారు. కడుపు మెలిపడినప్పుడు ఆ ఓర్పే శత్రువవుతుంది. నొప్పి ఎప్పుడు మొదలైందో గడియారం చూసి గుర్తుపెట్టుకోండి. గాలి పోతున్నదా, వాంతి అవుతున్నదా అని అడగండి. మీ అత్తగారు చెప్పకపోయినా, మీ నాన్నగారు చెప్పకపోయినా మీరే అడగండి. జవాబు అనుమానంగా ఉంటే 108కి ఫోను చేయండి. ఆస్పత్రికి వెళ్లాక అది గ్యాసే అని తేలితే పోయేది రాను పోను ఖర్చు మాత్రమే.